ఫోటోకు అడ్డం వచ్చిన వేలు

కృష్ణబిలం చుట్టూ తిరిగే వెలుగు పళ్లెం అంచు సరిచేయాలి. వెనకనున్న చుక్కలు ఇంకాస్త వంగాలి. సాయంత్రంలోగా స్టూడియోకు, శ్రుతి మేడంకు షాటు పంపాలి. చిన్నమ్మకు బీపీ గోలీ ఇవ్వాలి. రేపటి దినాలకు విస్తరాకులు ఎన్ని కావాలో వంటామెకు చెప్పాలి. పక్కింటి నుంచి చాపలు, వంట గంజులు అడిగి తేవాలి. అమ్మ చీరల్లో ఏది ఎవరికివ్వాలో తేల్చాలి. అమ్మ ఫోన్‌కు చార్జింగ్ పెట్టాలి; ఎందుకో తెలియదు, కానీ పెట్టాలి. అన్నిటికంటే ముందు, భాస్కర్ అన్న గద్వాల బస్సెక్కేలోపు అమ్మ మొహం తయారుచేసి ఇవ్వాలి.

ఈ పనులన్నీ వర్ష మనసులో ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయి. ఏదీ పెద్దది కాదు, ఏదీ చిన్నది కాదు. అమ్మ పోయిన రోజు నుంచీ ఆమెకు అన్నీ ఒకే బరువుగా తోస్తున్నాయి. చార్జర్ వెతకడం, అమ్మ లేదని అనుకోవడం, రెండూ ఒకే తీరుగా వచ్చి ఒకే తీరుగా పోతున్నాయి. అయిజలో ఈ రెండు గదుల కిరాయి ఇంట్లో మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి బండల మీద పడి ఉంది. ఆ ఎండ ఏ రంగో ఆమెకు అంకెల్లో తెలుసు. ఎరుపు ఇంత, పచ్చ ఇంత, నీలం ఇంత. ఏడుపుకు మాత్రం అంకె దొరకడం లేదు. భాస్కర్ టెంటు సామాను మాట్లాడడానికి పోయాడు. పోతూ గడపలో నిలబడి, "నేను మల్ల వచ్చెవరకు ఫోటో కావాలె వర్షా. గద్వాలల ఫ్లెక్సీ కొట్టిచ్చుకొని రావాలె. ఫోటో లేకుంట దినాలు ఎట్ల జేస్తం?" అన్నాడు. అంటూ కంప్యూటర్ వైపు చూశాడు. చెల్లె ముందర ఇంత పెద్ద మిషన్ ఉన్నాక అమ్మ మొహం ఒక లెక్కా అన్నట్టు చూశాడు. తప్పు లేదు. వీళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి వర్ష. బీకాం తర్వాత హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుని ఒక చిన్న స్టూడియోలో చేరింది. అమ్మకు ఆయాసం మొదలయ్యాక మిషన్‌ను దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఇక్కడి నుంచే పని చేస్తోంది. ఆ కంప్యూటర్‌తో కొండలు కూల్చింది, వరదలు తెప్పించింది, లేని గుర్రాలను పరుగెత్తించింది. ఆ మాటలన్నీ ఇంటికొచ్చి చెప్పింది కూడా. ఇప్పుడు ఉన్న అమ్మను, అంటే మొన్నటి దాకా ఉన్న అమ్మను, ఒక్క ఫోటోలో చూపించడం రాదంటే ఎవరు నమ్ముతారు.

తెర మీద కృష్ణబిలం ఉంది. సినిమాలో ఒక అంతరిక్ష నౌక దాని పక్కనుంచి పోతుంది. కొన్ని క్షణాల షాటు, నెలల పని. శ్రుతి మేడం పొద్దున ఫోన్ చేసి, "సారీ వర్షా, ఈ టైంలో అడగకూడదు, నాకు తెలుసు. కానీ ఆ రింగు ప్లాస్టిక్ గాజులా ఉందమ్మా. నిజం వెలుగులా లేదు. అంతా మరీ శుభ్రంగా ఉంది" అంది. సరే మేడం, అంది వర్ష. ఆమె గొంతు ఆమెకే బాగా పనిచేసే యంత్రం మాటలా వినబడింది. కృష్ణబిలంలో కష్టం నలుపు కాదు. నలుపంటే సున్నా. అక్కడ ఏమీ గీయనక్కర్లేదు, గీయకుండా వదిలేస్తే చాలు. కష్టమంతా చుట్టూ ఉన్నదానిది. వెనకనున్న చుక్కల వెలుగు నేరుగా రాలేక దాని పక్కనుంచి వంగి రావాలి. వెనక దాగిన పళ్లెం పైనుంచి కూడా కనబడాలి. మధ్యలో ఏదో ఉందని మనకు తెలిసేది, మిగతావన్నీ దానికోసం వంగడం చూసే. ఈ సంగతి ఒకసారి అమ్మకు చెప్పబోయింది. అమ్మ మంచం మీద కూర్చుని దమ్ము తీసుకుంటూ తెర వైపు చూసి, "ఏంది బిడ్డా గది?" అంది. నల్ల బొక్క అమ్మా, ఆకాశంల ఉంటది, ఏది పోయినా మింగుతది, వెలుగు గూడ తప్పించుకోదు, అని చెప్పింది వర్ష. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేట్టు నవ్వింది. "గంత సదువు సదివి బొక్క జేస్తున్నవా? ఊకె ఉంటెనే బొక్కలు పడ్తున్నయ్ గదనే ఇంటికి." కాసేపాగి మళ్లీ, "ఏం లేనిదానికి గన్ని దినాలు పడ్తదా?" అని నిజంగానే అడిగింది. పడ్తది అమ్మా అంది వర్ష. పడ్తది.

కొంగు. నోటికడ్డం కొంగు. అదే వచ్చిపడింది ఇప్పుడు. తంబాకుతో ముందటి పళ్లు పోయినప్పటి నుంచి అమ్మ ఎవరు ఫోన్ ఎత్తినా కొంగు నోటిమీదికి లాక్కునేది. పెళ్లిళ్లలో ఫోటోలు తీసేటప్పుడు ఆమె పొయ్యికాడ ఉంటుంది, కాబట్టి ఫోటోలోనే ఉండదు. వర్ష డిగ్రీ పట్టా తీసుకున్న రోజు పాలమూరు దాకా వచ్చి పక్కన నిలబడింది, కానీ భాస్కర్ పట్టా మీది అక్షరాలు కనబడాలని దగ్గరికి లాగి తీశాడు. అమ్మ భుజం వచ్చింది, జాకెట్ చేతి అంచు వచ్చింది. చేన్లో తీసినవాటిలో పుప్పొడికి, ఎండకు మొహమంతా గుడ్డ చుట్టుకుని ఉంది, కళ్లు మాత్రం ఎండకు ముడుచుకుని. ఇక మిగిలింది ఆధార్ కార్డు. దాన్ని పెద్దది చేసి చూస్తే చీరకూ తల వెనక తెరకూ మధ్య ఒక నల్లని గుండ్రం. వర్ష దాని వెలుగు పెంచింది. నలుపు బూడిదరంగైంది. ఇంకా పెంచింది. బూడిదరంగు గింజలు గింజలుగా విరిగింది. అందులో ముక్కు లేదు, కళ్లు లేవు. నలుపులో దాగిన వివరాన్ని బయటికి లాగడం నేర్పించిన మాస్టారు, నలుపు నిజంగా సున్నా అయితే ఎవడూ ఏమీ లాగలేడు అని కూడా చెప్పాడు. ఆ మాట తరగతి గదిలో పరీక్షకోసం రాసుకుంది.

మట్టి ఇచ్చిన రోజు కూడా ఇలాగే. అందరూ వరుసగా పిడికెడు పిడికెడు వేస్తున్నారు. చిన్నమ్మ గుండెలు బాదుకుంటోంది. వర్ష గుంట అంచున నిలబడి, ఎండ ఎడమ నుంచి వస్తోంది కదా, దుమ్ము ఇటువైపు ఎందుకు మెరుస్తోంది అని చూస్తోంది. ఎర్రమట్టి దుమ్ముకు వెనకనుంచి ఎండ తగిలితే అంచు బంగారంలా వెలుగుతుందని, మధ్య మాత్రం మురికిగానే ఉంటుందని, దీన్ని గుర్తు పెట్టుకోవాలని అనుకుంది. ఎవరో చెయ్యి పట్టుకుని, ఎయ్యి బిడ్డా, మీ అమ్మకు మట్టి ఎయ్యి, అన్నారు. వేసింది. మట్టి చల్లగా ఉందో వేడిగా ఉందో ఇప్పుడు గుర్తులేదు.

"ఇంక దొర్కలేదానే?" అని లోపలి గది నుంచి కిష్టమ్మ వచ్చింది. అమ్మ తోడబుట్టిన చెల్లెలు, వర్షకు చిన్నమ్మ. మిషన్ వెనక నుంచి వచ్చే వేడి గాలికి మొహం తిప్పుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. దొరకలేదు చిన్నమ్మా, అంది వర్ష. గోలీ ఇచ్చింది, నీళ్లు ఇచ్చింది. కిష్టమ్మ గోలీ మింగి, కొంగుతో మూతి తుడుచుకుని, చానాసేపు ఆలోచించిన మనిషిలా చెప్పింది. "నా మొకం పెట్టు."

వర్ష చూసింది.

"గట్ల జూస్తవేంది? అక్కా నేను ఒక్క తీరే ఉంటిమి గదా. సంతల నన్ను జూసి తిమ్మక్కా అని ఎంతమంది పిల్వలే. జర ముక్కు పెద్దగ జెయ్యి, ఈ మచ్చ తీసెయ్యి, అయిపాయె. మొకం లేకుంటె రేపు పెట్టిందంత ఎవరికి పెట్టినట్టు?" ఆమె తల దువ్వుకుంది, బొట్టు సరిచేసుకుంది, మళ్లీ ఏదో గుర్తొచ్చి బొట్టు తుడిపేసుకోబోయి ఆగింది. అక్క ముత్తైదువగా పోలేదు. మొగుడు పోయి శానా ఏండ్లు. "తుడ్వాల్నా?" అంది. వద్దులే, అది కంప్యూటర్‌లో తీస్త, అంది వర్ష. కిటికీ వైపు కూర్చోబెట్టి ఫోన్‌తో తీసింది. కిష్టమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

పని మొదలయ్యాక వర్షకు కొంచెం తేలికైంది. పని కదా. ముక్కు వెడల్పు చేసింది, మచ్చ చెరిపింది, బొట్టు తీసింది, చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు వేసింది, దవడ కిందికి దించింది. దవడ దగ్గర చెయ్యి దానంతటదే ఆగి, ఇంకొంచెం, ఇంకొంచెం అని వెతికింది. అమ్మ మొహం తనకు కొలతల్లో తెలియదని అప్పుడు తెలిసింది. ముక్కు ఎంత వెడల్పని ఎవరైనా అడిగితే చెప్పలేదు. కోపం వచ్చినప్పుడు ఆ ముక్కు ఎలా అయ్యేదో అడిగితే చెప్పగలదు. అయినా చేసింది. పళ్లు పెట్టింది, ముందటివి రెండూ. కొద్దిసేపట్లో తెర మీద ఒక ఆడమనిషి నిమ్మళంగా నవ్వుతూ కూర్చుంది. పనితనంలో ఎక్కడా లోపం లేదు. రేపు వచ్చే చుట్టాల్లో ఒక్కరు కూడా ఇది అమ్మ కాదని గుర్తుపట్టరు. నాలుగేళ్లు గోడ మీద ఉంటే తానూ గుర్తుపట్టదు. భాస్కర్ అన్న పిల్లలకు మాత్రం నాయనమ్మ అంటే ఇదే మొహం అవుతుంది. ఈ ఆలోచన వచ్చింది, పోయింది. ఫోటో చుట్టూ ఎప్పటి అలవాటుగా ఒక పూలదండ బొమ్మ కూడా తగిలించింది, ఫ్లెక్సీ ఎలా ఉంటుందో చిన్నమ్మకు చూపిద్దామని.

కిష్టమ్మ లేచి దగ్గరికొచ్చి, "అయ్యో, అక్కనే గదనే. పండ్లు గూడ ఉన్నయ్" అంది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు అలాగే ఉండిపోయి కళ్లు మాత్రం మారాయి. ఆమె తన చెంప ముట్టుకుంది. "వర్షా, గిది నేనే. నేను సచ్చినట్టున్నది." అని, ఇంకా నెమ్మదిగా, "దండ తీసెయ్యి బిడ్డా, నాకేసినట్టున్నది" అంది. వర్ష దండ తీసేసింది. తీసినా లాభం లేకపోయింది. దండ లేని ఆ మొహం ఇంకా ఎక్కువగా చిన్నమ్మే. వర్ష మొత్తం ఫైలు మూసింది. దాచాలా అని మిషన్ అడిగింది. వద్దు అని నొక్కింది. కిష్టమ్మ లోపలికి పోయి పండుకుంది. పోతూ పోతూ, "పాపం, ఒక్క తాప ఫోటో దిగకపాయె" అని గొణిగింది. దిగలేదు. ఎప్పుడూ అమ్మే తీసింది.

అమ్మే తీసింది. వర్ష అమ్మ ఫోన్ చార్జింగ్‌కు పెట్టిన తర్వాత ఆ మాట మళ్లీ వచ్చింది. హైదరాబాదులో ఉన్నప్పుడు రోజూ పొద్దున, ఏం జేస్తున్నవ్ అమ్మా, అని అడిగేది. అమ్మకు రాయడం రాదు. చేన్లో మాట్లాడుతూ కూర్చుంటే మేస్త్రి ఊరుకోడు. అందుకని ఫోటో తీసి పంపేది. విత్తన పత్తి చేను. రంగు కాగితాలు తగిలించిన కొమ్మలు. తట్టలో మగపూలు. చెట్టుకింద సద్దిమూట. ఎవరిదో కుక్క. వర్ష తన ఫోన్లో పైకి జరుపుతూ పోయింది. చేను, కొమ్మ, తట్ట, మళ్లీ చేను. ప్రతి ఫోటోలో కుడి మూలన ఒక నల్లని గుండ్రం. అమ్మ బొటనవేలు. కెమెరా కన్ను మీద సగం పడి, మసకగా, ముద్దగా. ఒకసారి ఫోన్లోనే అరిచింది, అమ్మా వేలు అడ్డం వస్తున్నది, జర పక్కకు పట్టు అని. "వేలెట్ల వస్తది బిడ్డా, నేను ఫోన్ వెనకాల ఉన్న గద" అంది అమ్మ. పక్కన పనిచేసే ఆడవాళ్లు నవ్వడం వినబడింది. తర్వాత ఒకరోజు అమ్మకే అది కనబడింది కాబోలు, కానీ ఒప్పుకోలేదు. "వస్తె రానియ్. నేను తీసిన్నని నీకు ఎర్కుండాలె గద. ఏలుముద్ర ఏసిన్ననుకో" అంది.

ఆ వేలితో అమ్మ చేసే పని ఇది. పొద్దుగూకేముందు రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో చుట్టూ గీరి, రేకులనూ పుప్పొడి గొట్టాన్నీ ఒక్క మెలికతో ఊడదీయాలి. లోపలి సన్నటి కాడ తెగకూడదు. గుర్తుకు రంగు కాగితం పెట్టాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. ఒక్క మొగ్గ గిల్లకుండా మరిచిపోతే విత్తనం కల్తీ. చాలా ఏళ్లు అదే పని చేస్తే గోరు పక్కకు వంగిపోయింది. వేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే ఎర్రదీపం వచ్చేది. తుడుచుకుని మళ్లీ పెట్టు అనేవాళ్లు. తుడిచి పెట్టేది. మళ్లీ ఎర్రదీపం. "మిషన్‌కు నేను లేనట్టేనా?" అని నవ్వుకుంటూ వచ్చి చెప్పేది. బియ్యం మాత్రం వర్ష వేలు పెడితేనే వచ్చేవి.

వర్ష ఒక ఫోటో దగ్గర ఆగింది. చేను గట్టు మీది నుంచి తీసింది. ఎదురెండ. వరుసలు దూరం పోయి మసకబారాయి. కుడివైపు వేలు. దాన్ని పెద్దది చేసింది. మధ్యలో నలుపు, సున్నా కాదు కానీ దాదాపు. దాని చుట్టూ ఎండ వేలి కండలోంచి దూరి వచ్చి, ఎరుపు, తర్వాత నిప్పు రంగు, తర్వాత తేనె రంగు, చివరికి పలచబడి గాల్లో కలిసింది. అంచు అన్నిచోట్లా ఒకేలా లేదు. గోరు వంగినచోట చిక్కగా ఉంది, కొస దగ్గర సన్నగా. ఆమె కళ్లు ఎప్పటిలాగే రంగులు లెక్కపెట్టాయి. ఆపమంటే ఆగలేదు. చెయ్యి కూడా ఆగలేదు. ఆ అంచులోంచి ఎరుపు తీసి పళ్లెం లోపలి వైపు వేసింది. నిప్పు రంగు తీసి దాని పక్కన. గోరు వంగినచోట చిక్కదనం ఎంతో చూసి, కృష్ణబిలం ఎడమన అంతే చిక్కగా చేసింది. మళ్లీ బొమ్మ కట్టమని మిషన్‌కు చెప్పింది. పంకా గట్టిగా తిరగడం మొదలైంది. ఒకదాని వెనక ఒకటి బొమ్మలు తయారవుతుంటే ఒళ్లో చేతులు పెట్టుకుని చూసింది. నల్లని గుండ్రం. దాని చుట్టూ ఎరుపు. చుక్కలు దాని పక్కనుంచి వంగి పోతున్నాయి. గుండెలో ఏమైనా కదులుతుందేమోనని ఎదురుచూసింది. ఏమీ కదల్లేదు. అయినా చూపు తిప్పుకోలేదు. కొన్ని బొమ్మలు పంపగానే శ్రుతి మేడం నుంచి జవాబు వచ్చింది: ఇదే కావాలి, ఎక్కడ దొరికింది ఈ వెలుగు? వర్ష రాసింది: ఇంట్లోనే మేడం.

భాస్కర్ వచ్చేసరికి మిషన్ ఇంకా తిరుగుతోంది. చెప్పులు విడవకుండానే, "అయ్యిందా? బస్సున్నది" అన్నాడు. వర్ష చేను ఫోటో తెర నిండా పెట్టింది.

"గిదేంది?"

"అమ్మ."

"యాడ?"

వర్ష మూలన చూపించింది. భాస్కర్ ఆమెను చూశాడు, తెరను చూశాడు. "నీకేమన్న పరేషాన్ అయ్యిందా వర్షా? వేలు ఫ్లెక్సీ కొట్టిస్తరా ఎవరన్న? జనం నవ్వుతరు. కాలో చెయ్యో పెట్టి దండేస్తమా?"

"వేరేది లేదన్నా. చేద్దామని చూసిన. అది అమ్మ గాదు."

లోపలి గది నుంచి కిష్టమ్మ గొంతు వచ్చింది. "అది నేను బాస్కరా. నాకు దండెయ్యకుర్రి, ఇంక జర దినాలు ఉంటా."

భాస్కర్ నవ్వలేదు. కుర్చీ వీపు పట్టుకుని వంగాడు. వర్ష వేలును పెద్దది చేసింది. పక్కకు వంగిన గోరు మసకలోనే కనబడింది. అతను దాన్ని చానాసేపు చూశాడు. చిన్నప్పుడు అతని చెవి మెలిపెట్టింది ఆ గోరే. చెవిలో నీళ్లు పోతే కొంగు కొస చుట్టి తీసింది ఆ వేలే. అతని చెయ్యి చెవి దాకా పోయి, ఏం చేయాలో తెలియనట్టు ఆగి, మెడ గోక్కుని కిందికి దిగింది. "కింద పేరు పెద్దగ రాయి" అన్నాడు చివరికి. "బోయ తిమ్మమ్మ అని. ఎవరన్న అడిగితె నేను జెప్త." ఫోటోను తన ఫోన్‌కు పంపించుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా బస్సుకు పోయాడు.

షాటు పూర్తయింది. వర్ష పంపించింది. విస్తరాకుల సంగతి వంటామెకు ఫోన్ చేసి చెప్పింది. పక్కింట్లో చాపలు అడిగి తెచ్చింది. అమ్మ ఫోన్ నిండా చార్జింగ్ ఎక్కింది. దాన్ని చేతిలోకి తీసుకుని కెమెరా తెరిచి, కిటికీలోంచి వీధి వైపు పట్టుకుంది. తన బొటనవేలు మెల్లగా జరిపి కెమెరా కన్ను మూలన పెట్టింది. నలుపు వచ్చింది. ఎరుపు కూడా వచ్చింది. తన గోరు తిన్నగా ఉంది, కాబట్టి అంచు అన్నిచోట్లా ఒకేలా ఉంది. శ్రుతి మేడం చెప్పిన ప్లాస్టిక్ గాజులా. వేలు తీసేసింది. వీధి మొత్తం కనబడింది.

అప్పుడు తన ఫోన్ మోగింది. గద్వాల నుంచి ఫ్లెక్సీ దుకాణపు మనిషి. "మేడం, మీ అన్న ఇక్కడ్నే ఉన్నడు, మీ నంబరిచ్చి ఛాయ్ తాగనీకె పోయిండు. ఫోటో మంచిగున్నది, చేను మస్తుగ పడ్డది. మూలకు ఎవరిదో వేలు అడ్డం వచ్చింది, చూస్కోలేదేమో మీరు. ఒక్క నిమిషం పని, తీసేసి నీట్‌గ చేస్త. పైసలేం వద్దు."

వర్ష నోరు తెరిచింది. వీధిలోని వెలుగు ఏ రంగో, ఇన్ని రోజుల్లో మొదటిసారి, అంకెల్లో తోచలేదు. అవతల మనిషి హలో హలో అంటున్నాడు.

"తియ్యకు అన్నా" అంది. "చేను తీసెయ్యి. ఆకాశం తీసెయ్యి. ఏది తీసినా మంచిదే. వేలు మాత్రం తియ్యకు."

"వేలొక్కటే ఉంచాల్నా మేడం?" అన్నాడు అతను, అర్థం కాక.

"అది మా అమ్మ" అంది.

అవతల ప్రింటింగ్ మిషన్ చప్పుడు ఆగింది. తర్వాత అతను, "సరే అమ్మా" అన్నాడు. మేడం అనలేదు.

ఎప్పుడో ఒక సినిమా హాల్లో మీరు ఆ షాటు చూస్తారు. ఒక నౌక పోతుంటుంది, పక్కన పెద్ద నల్లని గుండ్రం, దాని చుట్టూ ఎర్రటి వెలుగు, ఎడమవైపు కొంచెం చిక్కగా. కొన్ని క్షణాలే ఉంటుంది. లేదా రాయడం రాని మీవాళ్లెవరో చేన్లోంచో, వాకిట్లోంచో ఒక ఫోటో పంపుతారు, మూలన వేలు అడ్డం వచ్చి ఉంటుంది. దాన్ని వెంటనే తీసేయకండి. అయిజ పక్క చేన్లలో మొగ్గలు గిల్లిన తిమ్మమ్మ అనే మనిషి ఒకతి ఉండేదని, ఆమె మొహం ఏ ఫోటోలోనూ లేదని, ఒక్కసారి తలుచుకోండి.